తలపట్టీ కట్టుకొని నాయన తలుచుకున్నది

కొండమీద మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళకు గుండ్లు గీయడం నా పని. ఎన్ని తలలు పట్టినానో నాకే తెలీదు. తల చేతిలోకి వస్తానే సగం సంగతి తెలిసిపోతాది. ఎండలో కూలిపని చేసే తల ఏది, ఫ్యాను కింద కూర్చునే తల ఏది, సవరం పెట్టుకునే తల ఏది, దారంతా ఏడ్చుకుంటా వచ్చిన తల ఏది, చెయ్యి పెడితే చెప్పేస్తాను. అయితే ఆ చర్మం కింద, ఆ ఎముక కింద ఏం జరుగుతా ఉంటాదో నేనెప్పుడూ ఆలోచించలేదు. నా కత్తికి అంత లోపలికి పనిలేదు గదా. ఆ ఆలోచన నాకు పట్టించింది మా నాయన తల.

మా నాయనకు చిత్తూరులో కోర్టు పక్క సందులో షాపు ఉండేది. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, కత్తి రుద్దేదానికి గోడకు వేలాడదీసిన తోలుపట్టీ. వకీళ్ళు, గుమాస్తాలు, వాయిదాకు వచ్చిన రైతులు ఆయన గిరాకీ. మాట తక్కువ మనిషి. ఊరి సంగతులు చెప్పడు, అడగడు. ఒక పొద్దు ఒక వకీలుకు గడ్డం గీస్తా ఉంటే, సగంలో ఆయన కుడిచెయ్యి జారిపోయింది. కత్తి కిందపడింది, ఆయనా పడినాడు. ఆ వకీలే ఆటోలో ఎక్కించుకొని ఆస్పత్రికి తీసుకుపోయినాడు. నురుగు తుడుచుకునేదానికి గూడా ఆగలేదంట. నేను తిరుపతి నుంచి బస్సు దిగి పోయేసరికి ఆ వకీలు నల్లకోటు వేసుకొని, మొగానికి ఒకపక్క గడ్డంతో, ఇంకోపక్క నున్నగా, వరండాలో కూర్చోనుండాడు. ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తాది.

పక్షవాతమన్నారు. ప్రాణం దక్కింది. మాట కొంచెం ముద్దగా వచ్చినా వచ్చింది. కాలు ఈడ్చుకుంటా నడిచినాడు. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మొదట్లో గుడ్డపేలిక మాదిరి వేలాడేది. పోను పోను బిగుసుకొని పిడికిలి మూసుకుపోయింది. మా చిన్నాయనవాళ్ళు నాకొక మాటైనా చెప్పకుండా ఆయన్ను పుత్తూరుకు కట్టు కట్టించేదానికి తీసుకుపోయినారు. మా జిల్లాలో చేతికేమైనా అయితే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. ఆ కట్టు కట్టే ఆయన భుజం నుంచి మణికట్టు దాకా తడిమి చూసి, "ఎముకలన్నీ గట్టిగా ఉండాయప్పా, ఈడ నాకేం పనిలేదు" అని, తన నెత్తిమీద వేలు పెట్టి, "తప్పు ఆడుండాది, నరాల డాక్టరు దగ్గరికి పోండి" అని మజ్జిగ ఇచ్చి పంపించినాడంట. తనకు తెలీనిది తెలీదని చెప్పినాడే అని నాయనకు ఆయన మీద ఇప్పటికీ గౌరవం. నాకు మాత్రం చిన్నాయన మీద కోపం వారం రోజులు తగ్గలేదు.

నాయనను తిరుపతికి మా ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ పోయి ఆరేండ్లయింది, ఆడ ఎవరుండారు చూసేదానికి. మా ఇంటాయన ఘాట్ రోడ్డులో బస్సు తోల్తాడు. నా కూతుర్ని ఇచ్చింది మా వీధికి రెండు వీధుల అవతలే. అందుకని కూతురు, దాని బిడ్డ పొద్దస్తమానం మా ఇంట్లోనే ఉంటారు. అసలు కథంతా ఆ బిడ్డతోనే మొదలైంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండాది. బిడ్డకు పుట్టెంటికలు తీసేటప్పుడు మొదటి మూడు గీతలు ఇంటి పెద్ద చేత్తోనే పడాల. అవి ఇంటికాడ పడినాకే కొండకు తీసుకుపోయి మిగతా గుండు చేయిస్తాం. నాకు మా తాత గీసినాడు. నా కూతురికి నాయన గీసినాడు. ఇప్పుడు నా మనవరాలికి మూడో ఏడు నడుస్తా ఉండాది. మూడు నిండేలోపల తీయాల, తప్పితే మళ్ళీ ఐదో ఏడే. "అయిదో ఏటికి నేనుంటానో లేదో. ఆ మూడు గీతలు నా సేత్తో గీయాల. అదొక్కటి గీసినాక ఈ సెయ్యి ఏమైపోయినా నాకు బాధ లేదు" అన్నాడు నాయన. ఎడమచేత్తో గీయొచ్చు గదా అన్నాడు మా ఇంటాయన. "ఎడమసేత్తో బిడ్డ నెత్తిన కత్తి పెడతారా ఎవరైనా" అని నాయన ఆ మాటకు అన్నం తినకుండా లేచిపోయినాడు.

నేను గీస్తా నాయనా అని నా నోటిదాకా వచ్చింది. మింగేసినాను. దానికి కారణముండాది.

నాకప్పుడు పద్నాలుగేండ్లు. బడి సెలవుల్లో షాపులో ఉండి, వచ్చినోళ్ళకు నీళ్ళు అందించేదాన్ని, తువ్వాళ్ళు ఉతికేదాన్ని. నాయన కత్తి నున్నని చెంప మీద పోతా ఉంటే చూసేది నాకు మహా ఇష్టం. ఒక మధ్యాన్నం షాపులో ఎవరూ లేరు. ఆయన కత్తి తుడిచి మడుస్తా ఉంటే చెయ్యి చాపి, "నాయనా, ఒక్కసారి నాకియ్యి, పట్టుకొని చూస్తా" అన్నాను. ఆయన నా అరచెయ్యి కల్లా చూసినాడు. కత్తిమీద పిడికిలి మూసి, ఆ పిడికిలిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇది ఆడపిల్ల పట్టే వస్తువు గాదు. మళ్ళీ అడగొద్దు" అన్నాడు. చాపిన చెయ్యి ఎట్ల వెనక్కి తీసుకోవాల్నో తెలీక కొంచెంసేపు అట్లే నిలబడిపోయినాను.

మళ్ళీ అడగలేదు. పెండ్లయినాక కొండమీద ఈ పనికి ఆడవాళ్ళను తీసుకుంటాండారంటే, మా వీధిలో ఒకామె దగ్గర చేరి నేర్చుకున్నాను. బుడగ ఊది, దానికి సబ్బు పూసి, పగలకుండా గీయడం. ఎన్ని బుడగలు పగిలినాయో, ఎన్నిసార్లు నురుగు కండ్లలో పడిందో. పని దొరికిన పొద్దు నాయనకు ఫోను చేస్తే "ఊఁ" అన్నాడు. అంతే. ఇప్పుడు నా ఇంట్లో ఉండి గూడా, పది రోజులకొకసారి చిత్తూరు నుంచి తన శిష్యుణ్ణి బస్సెక్కించి పిలిపించుకొని గడ్డం గీయించుకుంటాడు. ఊరూరి ఆడవాళ్ళు నా కత్తికింద తల పెడతారు, మా నాయన పెట్టడు. అది నాకు ముల్లు మాదిరి గుచ్చుకుంటానే ఉన్నింది.

చెయ్యికి కసరత్తులు చేయించే ఒక చోటికి వారానికి మూడుసార్లు పోతా ఉంటిమి. ఆడ ఒక పొద్దు ఒక ఆడపిల్ల ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చి కూర్చునింది. తడ పక్కన పల్లె అంట వాళ్ళది, మాటలో సగం అరవం. మేము తడ పిల్ల అనే పిలిచేవాళ్ళం. తలకు పెట్టుకునే పట్టీ ఒకటి, చేతికి తొడిగే గ్లౌజు ఒకటి, కొంతమందికి ఇచ్చి రెండు నెలలు వాడి చూస్తాండామని, తాతకు ఇష్టమైతే ఆయనకూ ఇస్తామని చెప్పింది.

ఆ పట్టీ చూసేదానికి ఆడపిల్లలు పెట్టుకునే హెయిర్‌బ్యాండు మాదిరే ఉంటాది. లోపలివైపు చిన్న చిన్న గుండీలు. అవి నెత్తికి ఆనుకోవాల. తలలోపల ఎప్పుడూ సన్నంగా కరెంటు అలలు పోతా ఉంటాయంట. మనిషి ఒక చెయ్యిని కదిలించినట్టు గట్టిగా తలుచుకుంటే, ఆ చెయ్యిని ఆడించే చోట ఆ అలలు తగ్గుతాయంట, చెయ్యి కదలకున్నా సరే. పట్టీ దాన్ని పసిగట్టి గ్లౌజుకు చెప్తాది. గ్లౌజు గాలి నింపుకొని వేళ్ళు తెరుస్తాది. తలుచుకునేది, తెరుచుకునేది ఒకే క్షణంలో మళ్ళీ మళ్ళీ జరిగితే, తలకూ చేతికీ మధ్య తెగిపోయిన దారి పక్కన తల ఇంకొక దారి వేసుకోవచ్చంట.

"వేసుకుంటాదా?" అని అడిగినాను.

"వేసుకోవచ్చు అన్నానక్కా. వేసుకుంటాది అనలే" అనింది తడ పిల్ల. ఆ మాటతో నాకు ఆ పిల్ల నచ్చింది.

నాయన మాత్రం వెనక్కి జరిగి కూర్చున్నాడు. "నా తలలో ఏముండాదో అది సదివేస్తాదా?" అన్నాడు.

"లేదు తాతా. చెయ్యి గురించి తలుచుకుంటా ఉండావా, ఊరికే ఉండావా, ఆ రెండే దానికి తెలిసేది. ఏం తలుచుకున్నావో దానికీ తెలీదు, నాకూ తెలీదు."

"అయితే సరే" అని ఎడమచేత్తో వంకర టింకరగా సంతకం పెట్టినాడు. తలలో దాచిపెట్టుకునేంత ఏముందబ్బా ఈయనకు అని నాకు అప్పుడే మొదలైంది కుతూహలం.

మొదటి మూడు సార్లు ఏమీ కాలేదు. స్క్రీను మీద గీతలు పిచ్చి పట్టినట్టు ఎగురుతాయి, లేకుంటే చచ్చినట్టు పడుకుంటాయి. తడ పిల్ల వైర్లు మార్చింది, ఫ్యాను ఆపింది, ట్యూబులైటు ఆపింది, మా అందరి సెల్‌ఫోన్లు బయట పెట్టించింది. నాలుగోసారి పట్టీ సర్దుతా సర్దుతా నాయన నెత్తి దగ్గర ముక్కు పెట్టింది.

"అక్కా, ఇదేంది వాసన?"

"ఆముదం" అన్నాను. "యంత్రం తలకు వేడి చేస్తాది గదా. వచ్చేముందు చల్లదనానికని రోజూ మాడుకు పట్టిస్తా ఉండాను." బాగా పట్టించినాను గూడా, చెవులమీదికి కారేటట్టు.

ఆ పిల్ల కుర్చీలో కూలబడి, కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. గుండీలు చర్మానికి తగలాలంట, మధ్యలో ఆముదముంటే వాటికి ఏమీ అందదంట. నాకు తల కొట్టేసినట్టయింది. తలను గురించి నాకు ఒకరు చెప్పడమా. నాయనను వెనకాల కుళాయి దగ్గరికి తీసుకుపోయి, సీకాయపొడి తెప్పించి రెండుసార్లు రుద్దినాను. ఆ తర్వాత కత్తి పెట్టేముందు మేము ఎట్ల చేస్తామో అట్లే చేసినాను. దోసిలితో నీళ్ళు పోసి, వేళ్ళ కొసలతో రుద్ది, చర్మం మెత్తబడేదాకా నానబెట్టి, గుండీలు ఆనేచోట్ల ఎంటికలు పాయలు తీసినాను.

ఆ కుళాయి దగ్గరే నాకు తట్టింది, మా నాయన తలను నేను పట్టుకునింది అదే మొదటిసారి అని. కుడి చెవి వెనకాల ఒక పాత మచ్చ ఉండాది. ఊర్లో అందరి తలల మచ్చలూ తెలిసిన నాకు ఆ మచ్చ తెలీదు. ఏంది నాయనా ఇది అంటే, చిన్నప్పుడు వాళ్ళ నాయన ఈయన తలమీద ఇంకో పిల్లోడికి కత్తి నేర్పిస్తా ఉంటే, ఆ పిల్లోడు కోసినాడంట. అంత పెద్ద మాట ఆయన నాతో ఎప్పుడూ చెప్పినోడు గాదు.

లోపలికి వచ్చి పట్టీ పెడితే గీతలు శుభ్రంగా వచ్చినాయి. తడ పిల్ల మురిసిపోయింది. "గుండైతే ఇంకా మేలు తాతా. తిరుపతిలో ఉండి ఎంటికలతో నేను కష్టపడ్డమేంది" అనింది. నిజమే, కిటికీలోంచి చూస్తే రోడ్డుమీద పోయేవాళ్ళలో సగానికి సగం గుండ్లే. నాయన నాకల్లా చూడకుండా, "గుండు గీయాలంటే సిత్తూరు నుంచి మా షాపు అబ్బోడు రావాల. వద్దులే" అన్నాడు. తువ్వాలు నా చేతిలోనే ఉన్నింది. దాన్ని పిండి ఆరేసినాను. ఆ పొద్దు సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు.

గీతలైతే వచ్చినాయి గానీ కొత్త తంటా ఒకటి మొదలైంది. తడ పిల్ల "తలుచుకో తాతా" అంటానే నాయన కండ్లు మూసుకొని తనకు తెలిసిన పని తలుచుకునేవాడు. చెంప సాగదీసి కత్తి ఆడించడం. పట్టీ దాన్ని పట్టుకునేది. గ్లౌజు బుస్సుమని గాలి నింపుకొని తెరవాలని చూసేది. లోపల పిడికిలేమో ఇంకా గట్టిగా మూసుకునేది. గ్లౌజుకూ పిడికిలికీ కొట్లాట. చెమటలు పట్టేది ఆయనకు.

"కత్తి పట్టేది తలుచుకుంటే చెయ్యి బిగుసుకోకుండా ఏం చేస్తాది తాతా? తెరిచేది ఏదైనా తలుచుకో. చూసినట్టు గాదు, చేసినట్టు" అనింది తడ పిల్ల.

నాయన తన పిడికిలి కల్లా చూసుకున్నాడు. "మా పనిలో కుడిసెయ్యి తెరిసేది యాడుందమ్మా? పొద్దున పట్టుకుంటే మాపుకు గదా వదిలేది" అన్నాడు. ఆ మాట విని నేనూ నా చెయ్యి కల్లా చూసుకున్నాను. నిజమే. నా బతుకంతా గూడా పట్టుకునేదే.

తర్వాత పట్టీని, గ్లౌజును, ఒక చిన్న ట్యాబును ఇంటికే ఇచ్చినారు. తడ పిల్ల రెండు రోజులకొకసారి వచ్చి చూసిపోయేది. ఇంక మా వీధికి అదొక తమాషా అయింది. పట్టీకి గ్లౌజు బదులు ఒక గంటను కలిపి ఇచ్చింది ఆ పిల్ల, దాహమైతే తలుచుకొని మోగించేదానికి. అది ఒక్కొక్కసారి ఊరికే మోగేది, ఒక్కొక్కసారి ఎంత తలుచుకున్నా మోగదు. "నోరుండాదిగా, నీళ్ళు అడగలేనా నేను" అని నాయన దాన్ని పక్కన పెట్టించినాడు. నోరు గూడా పోయినవాళ్ళుంటారు తాతా, వాళ్ళకు ఈ గంటే నోరు అని తడ పిల్ల చెప్తే మాత్రం తలూపి, మళ్ళీ తెప్పించుకొని రెండు రోజులు మోగించి చూసినాడు.

ఎదురింటామె వచ్చి, వాళ్ళాయన అబద్ధం చెప్తాండాడో లేదో దీంట్లో తెలుస్తాదా అని గుసగుసగా అడిగింది. ఇట్లాంటి పట్టీలు బండ్లు తోలేవాళ్ళకు గూడా ఉండాయంట, కునుకు పడితే మోగుతాయంట అని తడ పిల్ల చెప్తే నేను మా ఇంటాయనకు ఒకటి కావాలన్నాను. ఘాట్ రోడ్డు గదా, నాకు రోజూ భయమే. ఆయన తడ పిల్లతో ఏమన్నాడో తెలుసా. "ఇంట్లో మాత్రం పెట్టొద్దు తల్లీ. మీ అక్క మాట్లాడతా ఉంటే నేను కండ్లు తెరుచుకొనే నిద్రపోయేది బయటపడిపోతాది." ఆ పొద్దు ఆయనకు కూరలో ఉప్పు ఎక్కువైంది.

ఒకరోజు నాయన పడుకున్నాక నేను గూడా ఆ పట్టీ పెట్టుకొని చూసినాను. ఎవరూ చూడకుండా వంటింట్లో. ట్యాబులో ఒక పచ్చ గడి ఉంటాది, చెయ్యి గురించి తలుచుకుంటే అది పైకి లేస్తాది. గుండు గీస్తున్నట్టు తలుచుకున్నాను, లేచింది. నా చెయ్యి ఒళ్ళో ఊరికే ఉండాది, అది లేస్తా ఉండాది. నవ్వూ వచ్చింది, వొళ్ళూ జలదరించింది. నా లోపల నాకు కనపడకుండా ఇంత పని జరుగుతా ఉండాదా అని. ఆలోచనలు గాలి అనుకునేదాన్ని నేను. గాలి గాదు. ఒక గడిని లేపేంత బరువుండాది వాటికి.

నాలుగో వారం ఒక పొద్దున, కూడు తినేసి నాయన పట్టీ పెట్టుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు. గడి లేచింది, గ్లౌజు బుస్సుమనింది, వేళ్ళు పువ్వు విచ్చినట్టు తేలిగ్గా తెరుచుకున్నాయి. కొట్లాట లేదు. మళ్ళీ చేసినాడు, మళ్ళీ తెరుచుకున్నాయి. తడ పిల్ల తబ్బిబ్బయిపోయి, "తాతా, ఏం తలుచుకున్నావు?" అనింది.

"నువ్వే సెప్పినావు గదా, దానికీ తెలీదు, నీకూ తెలీదని" అన్నాడు.

ఇంక నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఏం తలుచుకుంటాండాడు ఈయన? బిచ్చం వేస్తాండాడా? చిన్నప్పుడు గాలిపటం దారం వదిలేది తలుచుకుంటాండాడా? అమ్మ చేతిలో పూలు పెట్టేది తలుచుకుంటాండాడా? అది అడిగినప్పుడు మాత్రం ఒక నవ్వు నవ్వినాడు. "మీ అమ్మకు నేనెప్పుడు పూలు తెచ్చినాను లే" అన్నాడు. కాఫీ ఇస్తా అడిగినాను, తల నానబెడతా అడిగినాను, కోపంగా అడిగినాను. "కానీ మే, అయినాక తెలుస్తాది" అన్నాడు. పట్టీ పెట్టుకున్నప్పుడు ఆయన మొగం ఎట్ల మారేదో నాకు అంతా నోటికొచ్చేసింది. కనుబొమలు దగ్గరికొస్తాయి, కింది పెదవి కొంచెం వణుకుతాది, ఆ తర్వాత చెయ్యి. ఎవరికో ఏదో చెప్పలేక చెప్తున్నట్టుండేది ఆ మొగం.

రెండు నెలలైపోయినాయి. తడ పిల్ల వచ్చి పట్టీని, గ్లౌజును పెట్టెలో సర్దుకునింది. గ్లౌజు లేకుండా నాయన తలుచుకుంటే బొటనవేలు, చూపుడువేలు కొంచెం కదిలేవి. మధ్యవేలు ఒక్కోసారి. చెయ్యంతా ఒకేసారి తెరుచుకున్నది మాత్రం ఎవరూ చూడలేదు. ఇది పట్టీ వల్లనా, కసరత్తుల వల్లనా, కాలం గడిచిందాని వల్లనా అని డాక్టరును అడిగితే, ఆయన చెప్పలేనన్నాడు. పోతా పోతా తడ పిల్ల నాయన కాళ్ళకు దండం పెట్టి, "ఇప్పుడన్నా చెప్పు తాతా" అనింది. "నీ పెండ్లికి వచ్చి సెప్తా" అన్నాడు.

బిడ్డకు మూడు నిండేదానికి ఇంక తొమ్మిది రోజులే ఉండాయి. నాయన ఎవర్నీ అడగకుండా తానే దినం పెట్టినాడు. చిత్తూరు నుంచి తన పాత కత్తిని తెప్పించమన్నాడు, మడిచే కత్తి, కొమ్ముపిడిది. రెండు వేళ్ళు కదిలే చెయ్యి, మూడేండ్ల బిడ్డ నెత్తి. నా కూతురు పక్కకు పిలిచి, "అమ్మా, తాతకు నువ్వే చెప్పు" అని కండ్లనీళ్ళు పెట్టుకునింది. ఎట్ల చెప్పేది? రెండు నెలలు ఆయన ఆ చెయ్యి కోసం ఎంత తన్నుకులాడినాడో పక్కన కూర్చొని చూసినదాన్ని. చెప్పకుంటే బిడ్డకేమైనా అయితే? అటా ఇటా తేల్చుకోకముందే ఆ దినం వచ్చేసింది.

ఆ పొద్దు తెల్లారి ఇంటిముందర పసుపు నీళ్ళు చల్లి, పీట వేసినాం. నాయన కుర్చీలో కూర్చున్నాడు. నా కూతురు పీటమీద కూర్చొని బిడ్డను ఒళ్ళో పెట్టుకునింది. ఇత్తడి సొంబులో నీళ్ళు పెట్టినాను. బిడ్డ తలను నేనే నానబెట్టినాను, దానికి చక్కిలిగిలై నవ్వతానే ఉండాది.

"కత్తి నా కుడిసేతిలో పెట్టు" అన్నాడు నాయన.

మా ఇంటాయన నాకల్లా చూసినాడు. నేను మడిచిన కత్తినే తీసుకొని, నాయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, లోపల పెట్టినాను. వదలంగానే పిడికిలి మూసుకునింది. మూసుకున్న ఆ పిడికిలి, దాంట్లోంచి కొంచెం బయటికి కనపడే కొమ్ముపిడి. పద్నాలుగేండ్లప్పుడు ఎట్ల చూసినానో అట్లే ఉన్నింది, ముడతలు తప్ప.

నాయన కండ్లు మూసుకున్నాడు. కనుబొమలు దగ్గరికొచ్చినాయి. కింది పెదవి వణికింది. పట్టీ లేదు, గ్లౌజు లేదు, పచ్చ గడి లేదు. బొటనవేలు కదిలింది. చూపుడువేలు. మధ్యవేలు. ఆగిపోయింది. మళ్ళీ కదిలింది. చిటికెనవేలు ఒక్కటే వంగి ఉండగా మిగతావి మెల్లంగా తెరుచుకున్నాయి. కత్తి ఆయన అరచేతిలో అడ్డంగా ఉండాది. ఎడమచేత్తో కుడి మోచేతిని కిందినుంచి ఎత్తి, ఆ చేతిని బిడ్డకల్లా గాదు, నాకల్లా చాపినాడు.

"తీస్కో" అన్నాడు.

చేతగాక ఇచ్చేస్తాండాడనుకున్నాను. "నీ చేత్తోనే గీస్తానంటివే నాయనా" అన్నాను.

"గీయాలనే అనుకున్నా. గీసేది తలుసుకుంటే పిడికిలి ఇంకా మూసుకునె. నువ్వూ సూసినావు గదా." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఒకపొద్దు నీకు ఇచ్చేది తలుసుకున్నా. షాపులో సెయ్యి సాపినావే, ఆ పొద్దు. తెరుసుకునె. అప్పట్నించీ రోజూ అదే ఇస్తాండా మే నేను. నువ్వు తీసుకుంటే గదా."

నాకు ఏడుపు ఆగలేదు. నడివీధిలో, అందరి ముందర, ముక్కు చీదుకుంటా ఏడ్చినాను. ఇంతకాలం ఆయన అది మర్చిపోయినాడనుకున్నాను. ఆయన చెయ్యి బరువుకు కిందికి వాలతా ఉంటే గానీ నాకు తెలివి రాలేదు, గబుక్కున చెయ్యి చాపి కత్తి తీసుకున్నాను.

ఎడమచేత్తో బిడ్డ తల పట్టుకొని, నడినెత్తిన మూడు గీతలు గీసినాను. బుడగలమీద నేర్చుకున్న చెయ్యి, కొండమీద రోజంతా ఆడే చెయ్యి, ఆ మూడు గీతలకు ఎంత జాగ్రత్త పడిందో. రాలిన మూడు కుచ్చులూ నా కూతురు పసుపుగుడ్డలో తీసుకునింది. బిడ్డ నెత్తి తడుముకొని, నున్నగా ఉండేచోట వేలు పెట్టుకొని, ఒళ్ళోంచి దిగి పరిగెత్తింది.

నేను కత్తి తుడిచి మడవబోతే నాయన వద్దన్నాడు.

"సొంబులో నీళ్ళు మిగిలిండాయా?" అని అడిగినాడు.

"ఉండాయి నాయనా."

ఆయన కుర్చీలోంచి మెల్లంగా లేచి, మా ఇంటాయన భుజం పట్టుకొని, బిడ్డ దిగిపోయిన పీటమీద కూర్చున్నాడు. మెడ వంచి తల నాకు అందించినాడు. నేను దోసిట్లో నీళ్ళు తీసుకొని ఆ తలను నానబెట్టడం మొదలుపెట్టినాను.